ఎక్కడి నుంచి కొలిచారు, ఎవరిని కలిపి కొలిచారు?

మా నాయనమ్మను ఎవరైనా "నీకెంతమంది పిల్లలు" అని అడిగితే ఒక్క అంకెతో సరిపెట్టేది కాదు. "ఎనిమిది మందిని కన్నాను, ఐదుగురు దక్కారు" అనేది. అంత మామూలుగా ఆ మాట ఎలా అనగలిగేదో చిన్నప్పుడు నాకు అర్థమయ్యేది కాదు. ఆ తరం ఆడవాళ్లు చాలామంది పిల్లల లెక్క అలా రెండు అంకెల్లోనే చెప్పేవారని పెద్దయ్యాక తెలిసింది. ఇవాళ మా ఇంట్లో ఎవరూ అలా చెప్పరు. చెప్పాల్సిన అవసరం రాలేదు.

మానవాభివృద్ధి అన్న బరువైన మాట వినగానే నాకు గుర్తొచ్చేది ఇదే. కానీ ఈ ఎదుగుదలను దేశాల గుంపుల మధ్య పోల్చడం మొదలుపెట్టగానే చిక్కు వస్తుంది. "ఆఫ్రికా వెనకబడిపోయింది" అని ఒక వార్త, "పేద దేశాలు వేగంగా ఎదుగుతున్నాయి" అని ఇంకొకటి, "ధనిక, పేద దేశాల మధ్య అంతరం పెరిగింది" అని మరొకటి. ఒకదానితో ఒకటి పొసగనట్టు కనిపించే ఈ మాటలన్నీ ఒకే పట్టిక నుంచి తీయొచ్చు. ఎవరూ అబద్ధం చెప్పనక్కర్లేదు.

పిల్లల లెక్కే చూడండి. 1990లో సహారా ఎడారికి దిగువన ఉన్న ఆఫ్రికా దేశాల్లో పుట్టిన ప్రతి వెయ్యి మందిలో సుమారు 180 మంది ఐదో పుట్టినరోజు చూడకుండానే చనిపోయేవారు. 2022 నాటికి ఆ సంఖ్య 70 దగ్గరకు దిగింది. అదే కాలంలో ధనిక దేశాల్లో వెయ్యికి 12–13 నుంచి 5కు తగ్గింది. మరి ఎవరు ఎక్కువ సాధించినట్టు?

తీసివేత వేస్తే ఆఫ్రికాలో వెయ్యికి 110 ప్రాణాలు నిలబడ్డాయి, ధనిక దేశాల్లో ఏడో ఎనిమిదో. ఆఫ్రికాదే పైచేయి. శాతం కడితే రెండు చోట్లా మరణాలు దాదాపు 60 శాతం తగ్గాయి, అంటే సరిసమానం. ఇక నిష్పత్తి చూడండి. 1990లో ఆఫ్రికా బిడ్డకు ధనిక దేశపు బిడ్డ కంటే దాదాపు 14 రెట్లు ముప్పు ఉండేది. ఇప్పటికీ దాదాపు 14 రెట్లే, కాబట్టి ఏమీ మారలేదని చెప్పొచ్చు. పోనీ చనిపోయిన వాళ్లను కాక బతికిన వాళ్లను లెక్కపెడదామంటే, అక్కడ 820 మంది 930 అయ్యారు. ఇది 13 శాతం పెరుగుదల. ధనిక దేశాల్లో పెరుగుదల ఒక్క శాతం కూడా లేదు. నాలుగే అంకెలు, వాటిలోంచి నాలుగు తీర్పులు.

ప్రాణాల విషయంలో నేను ముందు తీసివేతనే నమ్ముతాను. వెయ్యికి 110 అంటే తల్లి చేతుల్లో బతికి ఉన్న 110 మంది పిల్లలు. శాతం కట్టగానే వాళ్లు కనిపించకుండా పోతారు. అలాగని 14 రెట్లు అన్న మాటను పక్కన పెట్టలేం. పుట్టిన చోటును బట్టి ప్రాణానికి ఇంత తేడా ఇప్పటికీ ఉందన్న అన్యాయాన్ని చెప్పేది అదే. రెండు లెక్కల్లో ఒక్కటే చూపించే వాళ్లను రెండోది కూడా అడగాలి.

ఇదే కోవలో మనం తరచూ మోసపోయే లెక్క ఇంకొకటుంది. ప్రపంచంలో ఐదేళ్లలోపు పిల్లల మరణాల్లో సహారా దిగువ ఆఫ్రికా వాటా 1990లో సుమారు మూడో వంతు. ఇప్పుడది సగం దాటింది. చదవగానే అక్కడ పరిస్థితి దిగజారిందనిపిస్తుంది. నిజానికి అక్కడా మరణాలు బాగా తగ్గాయి. చైనా, ఇండియాల్లో ఇంకా ఎక్కువ తగ్గాయి. పైగా ఆఫ్రికాలో పుట్టే పిల్లల సంఖ్య పెరిగింది. వాటా పెరగడం వేరు, ముప్పు పెరగడం వేరు.

మరో కొలబద్ద ఉంది. దాన్ని మన జనగణన అంకెలతో చెబితే సులువుగా అర్థమవుతుంది. 1961లో ఆంధ్రప్రదేశ్‌లో అక్షరాస్యత 21 శాతం, కేరళలో 55. 2011లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 67, కేరళ 94. (1961లో ఐదేళ్లు దాటిన వాళ్లను లెక్కించారు, తర్వాత ఏడేళ్లు దాటిన వాళ్లను. ఆ తేడా ఉన్నా కథ మారదు.) మనం 46 పాయింట్లు ఎక్కాం, కేరళ 39. మనది మూడు రెట్లు దాటింది, వాళ్లది రెండు రెట్లు కూడా కాలేదు. మనమే గెలిచామా? మిగిలిపోయిన వాళ్ల వైపు నుంచి చూస్తే సంగతి వేరు. కేరళలో చదువురాని వాళ్లు నూటికి 45 నుంచి 6కు పడిపోయారు, అంటే చేయాల్సిన పనిలో 87 శాతం దాకా చేసేశారు. మనం 79 నుంచి 33కు వచ్చాం, 58 శాతం పని చేశాం. చివర్లో మిగిలేది కొండమీది గూడెం పిల్లలు, వలస కూలీల పిల్లలు, బడి మాన్పించి పెళ్లి చేసేసిన ఆడపిల్లలు, వయసు మళ్లిన వాళ్లు. వాళ్ల దాకా చేరడం మొదటి పాతిక శాతాన్ని చేరడం కంటే ఎంతో కష్టం. పాయింట్ల లెక్కలో, రెట్ల లెక్కలో ఈ కష్టం కనిపించదు. దేశాలకూ ఇదే వర్తిస్తుంది. ఆయుర్దాయం 45 నుంచి 60కి చేరడం, 75 నుంచి 80కి చేరడం ఒకే రకం పనులు కావు. మొదటిదాన్ని టీకాలు, మంచినీళ్లు, దోమల మందు చాలావరకు సాధిస్తాయి. రెండోదానికి గుండె జబ్బులు, క్యాన్సర్లతో పోరాడాలి.

ఇంతవరకూ కొలబద్దల గొడవ. అసలు మెలిక గుంపుల్లో ఉంది.

ఒక క్లాసులో బాగా చదివిన పిల్లల్ని ఏటా పై సెక్షన్‌కు మార్చేస్తూ, పాతికేళ్ల తర్వాత ఆ క్లాసు సగటు మార్కులు చూసి "ఈ క్లాసు ఎప్పుడూ ఇంతే" అంటే ఎలా ఉంటుంది? ప్రపంచ బ్యాంకు వర్గీకరణలోని "తక్కువ ఆదాయ దేశాల" విషయంలో జరిగేది సరిగ్గా ఇదే. ఈ శతాబ్దం మొదట్లో ఆ జాబితాలో 63 దేశాలు ఉండేవి. వాటిలో 39 దేశాలు తర్వాతి కాలంలో మధ్య ఆదాయ వర్గంలోకి ఎక్కాయి. ఇండియా కూడా 2007 ప్రాంతంలో అలా దాటిన దేశమే. మధ్యలో కొత్తగా వచ్చి చేరినవాటితో కలిపి 2024 నాటికి జాబితాలో ఉన్నవి 26. ఎదిగిన ప్రతి దేశం తన ఎదుగుదలను మూటగట్టుకుని గుంపు మారిపోతుంటే, పాత గుంపు సగటులో పెరుగుదల ఎక్కడ కనిపిస్తుంది?

మానవాభివృద్ధి నివేదికలు ఇచ్చే నాలుగు గుంపులూ ఇలాంటివే. ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం, అంటే యూఎన్‌డీపీ, ఆయుర్దాయం, చదువు, ఆదాయాలను కలిపి ప్రతి దేశానికీ సున్నా నుంచి ఒకటి లోపు ఒక అంకె ఇస్తుంది. అదే మానవాభివృద్ధి సూచిక. దాని విలువ 0.550 కంటే తక్కువుంటే అల్ప, 0.700 లోపు మధ్యస్థ, 0.800 లోపు ఉన్నత, ఆపైన అత్యున్నత అని విడగొడుతుంది. ఈ హద్దులు స్థిరపడింది 2014లో. అంతకు ముందు కొన్నేళ్లు దేశాలన్నింటినీ వరుసలో పెట్టి నాలుగు సమాన భాగాలు చేసేవారు. ఆ పద్ధతిలో ప్రపంచం ఎంత ఎదిగినా పావు వంతు దేశాలు ఎప్పుడూ "అల్ప" గుంపులోనే ఉంటాయి. అది మార్చడం మంచి పని అయింది.

ఇప్పటి హద్దులతో వెనక్కి వెళ్లి 1990ని చూస్తే చైనా, ఇండియా, ఇండోనేసియా, వియత్నాం, బంగ్లాదేశ్, నేపాల్ అన్నీ అల్ప గుంపులోనే ఉన్నాయి. ఇండియా విలువ అప్పుడు 0.446. ప్రపంచ జనాభాలో సగానికి పైగా ఆ గీత కిందే బతికేది. 2023 అంకెల్లో చైనా 0.797 దగ్గర అత్యున్నత గడప మీద నిలబడి ఉంది, వియత్నాం 0.766, ఇండియా 0.685. "1990లో అట్టడుగున ఉన్న దేశాలు" అని గుంపు కడితే, వచ్చే కథ మనిషి చరిత్రలో అరుదైన ఎదుగుదల కథ.

అదే "ఇప్పుడు అట్టడుగున ఉన్న దేశాలు" అని కడితే? దక్షిణ సూడాన్, సొమాలియా, మధ్య ఆఫ్రికా రిపబ్లిక్, చాడ్. యుద్ధాలు, కూలిపోయిన ప్రభుత్వాలు, ఇళ్లు వదిలి పోయిన జనం. ఆ గుంపు గీతను వెనక్కి లాగి చూస్తే ముప్పై ఏళ్లలో నత్తనడకే కనిపిస్తుంది. కనిపించక తప్పదు కూడా, ఎదగలేదు కాబట్టే వాటిని ఆ గుంపులో పెట్టాం. ఫలితాన్ని బట్టి గుంపు కట్టి, ఆ గుంపుకు ఆ ఫలితమే వచ్చిందని ఆశ్చర్యపోకూడదు.

ఈ రెండో గుంపు గురించి రాయొద్దని కాదు. దాని గురించే ఎక్కువ రాయాలి. కానీ అది జవాబిచ్చే ప్రశ్న "వెనక మిగిలిపోయిన వాళ్లు ఎలా ఉన్నారు" అన్నది. "పేదగా మొదలైన వాళ్లు పైకి రాగలరా" అన్న ప్రశ్నకు అది జవాబు కాదు. పేదరికం తలరాత అని వాదించేవాళ్లు చాలాసార్లు మొదటి ప్రశ్న అంకెల్ని రెండో ప్రశ్నకు జవాబుగా చూపిస్తారు. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం. ఎందుకంటే దాన్నుంచి పుట్టే నిరాశ ఉత్తుత్తిది, కానీ ఆ నిరాశ వల్ల ఆగిపోయే సాయం నిజమైనది.

భౌగోళిక గుంపులు స్థిరంగా ఉంటాయి గదా అనొచ్చు. అక్కడ బరువు సమస్య. దక్షిణాసియా సగటులో నాలుగింట మూడు వంతుల జనం మనవాళ్లే. కాబట్టి "దక్షిణాసియా పుంజుకుంది" అంటే చాలావరకు "ఇండియా పుంజుకుంది" అనే. 0.776తో ఎంతో ముందున్న శ్రీలంక, 0.544 దగ్గర ఆగిన పాకిస్తాన్ రెండూ ఆ సగటులో మునిగిపోతాయి. దేశానికో ఓటు అని లెక్కిస్తే ఐదు లక్షల జనమున్న మాల్దీవులు, 140 కోట్ల ఇండియా సమానమైపోతాయి. మనుషుల బతుకు ఎంత మారిందో తెలియాలంటే జనాభాతో తూచాలి. ఏ ప్రభుత్వ విధానం పనిచేసిందో తెలియాలంటే దేశాలను విడివిడిగా చూడాలి.

మొదలుపెట్టే ఏడాది సంగతి కూడా చిన్నదేం కాదు. చైనాను 1960 నుంచి కొలిస్తే ఎదుగుదల నమ్మశక్యం కానంతగా కనిపిస్తుంది. 1960 మహా కరువు ఏడాది, ఆయుర్దాయం కుప్పకూలిన కాలం. రువాండాను 1994 నుంచి కొలవడమూ అంతే, అది మారణకాండ జరిగిన సంవత్సరం. బోట్స్‌వానా కథ ఇంకా విచిత్రం. 1966లో స్వాతంత్ర్యం వచ్చేనాటికి నిరుపేద దేశం. వజ్రాల ఆదాయాన్ని పద్ధతిగా వాడుకుని 1994లో ఐక్యరాజ్యసమితి అత్యల్పాభివృద్ధి దేశాల జాబితా నుంచి బయటపడింది. అలా బయటపడిన మొదటి దేశం అదే. సరిగ్గా ఆ సమయానికే హెచ్‌ఐవీ ముంచేసింది. ఆదాయం పెరుగుతూనే ఉంది, ఆయుర్దాయం పదేళ్లకు పైగా పడిపోయింది. 2002లో ప్రభుత్వం మందులు ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టాక మళ్లీ లేచింది. 1990 నుంచి 2002 దాకా చూస్తే ఘోర వైఫల్యం, 2002 నుంచి చూస్తే అద్భుతం. ఇది పేద దేశాలకే జరుగుతుందనుకోవద్దు. సోవియట్ యూనియన్ కూలాక రష్యాలో మగవాళ్ల ఆయుర్దాయం 1990లో 64 దగ్గర ఉన్నది నాలుగేళ్లలో 58 కిందికి దిగింది. రెండు చివరలు మాత్రమే చూపించి మధ్య దాచేసిన గ్రాఫ్‌ను నేను నమ్మను.

ఇంతకూ ఈ సూచికలో ఏముంది? 1990లో పాకిస్తాన్ ఆర్థికవేత్త మహబూబ్ ఉల్ హక్, తన కేంబ్రిడ్జి రోజుల నాటి మిత్రుడు అమర్త్యసేన్‌తో కలిసి దీన్ని తయారు చేయించాడు. ఇంత మోటు అంకె ఎందుకని సేన్ మొదట సందేహించాడు. స్థూల జాతీయోత్పత్తి లాంటి మోటు అంకెను గద్దె దింపాలంటే అంతే మోటు అంకె, కానీ మనుషుల బతుకును చూడగలిగేది కావాలని హక్ పట్టుబట్టాడు. ఆయుర్దాయం, చదువు, తలసరి ఆదాయం అన్న మూడింటినీ సున్నా నుంచి ఒకటి లోపు మార్చి కలుపుతారు. ఆదాయాన్ని నేరుగా కాకుండా లాగరిథమ్ తీసి వాడతారు. దాంతో వెయ్యి డాలర్లు రెండు వేలు కావడానికి, ఇరవై వేలు నలభై వేలు కావడానికి ఒకే విలువ దక్కుతుంది. పేదవాడి చేతిలో రూపాయికి ఉన్న బలాన్ని గుర్తించడం ఇది. 2010 నుంచి అంకమధ్యమం (మామూలు సగటు) వదిలి గుణమధ్యమం (మూడింటినీ గుణించి తీసే ఘనమూలం) తీస్తున్నారు. 0.9, 0.9, 0.3 వచ్చిన దేశానికి మామూలు సగటైతే 0.7 వస్తుంది. గుణమధ్యమంలో 0.62 మాత్రమే. ఒకదాంట్లో బలంగా ఉండి ఇంకోదాన్ని గాలికొదిలేస్తే శిక్ష పడుతుంది.

ఒకే విలువ వెనక బతుకులు వేరుగా ఉండొచ్చని కూడా మరవొద్దు. 2025 నివేదికలో ఇండియా, బంగ్లాదేశ్ రెండూ 0.685తో 130వ స్థానంలో నిలిచాయి. మనకు తలసరి ఆదాయం కొంచెం ఎక్కువ. వాళ్లు మనకంటే సగటున రెండున్నరేళ్లకు పైగా ఎక్కువ బతుకుతున్నారు.

2010 నివేదిక 1970 నుంచి నలభై ఏళ్లలో ఎవరు ఎక్కువ ఎదిగారని లెక్కకట్టింది. ఎక్కడ మొదలయ్యారో దాన్ని బట్టి ఆశించదగ్గ దానికంటే ఎవరు ముందుకెళ్లారని చూసింది. మొదటి స్థానం ఒమన్‌కు దక్కింది. మన గోదావరి జిల్లాల నుంచి, కడప నుంచి, ఉత్తర తెలంగాణ నుంచి పనికి వెళ్లిన వాళ్లు చూసిన మస్కట్ వేరు. 1970లో ఒమన్ దేశం మొత్తానికి మూడు బడులు, వాటిలో సుమారు 900 మంది పిల్లలు, అందరూ మగపిల్లలే. తారురోడ్డు పది కిలోమీటర్లు. చమురు, గ్యాస్ డబ్బును బడులకు, ఆసుపత్రులకు మళ్లించడం వల్లే ఆ స్థానం వచ్చింది. నన్ను ఇంకా కదిలించింది మూడో స్థానంలో ఉన్న నేపాల్. చమురు లేదు, సముద్రం లేదు, పైగా పదేళ్ల అంతర్యుద్ధం. ఊరూరా మహిళా ఆరోగ్య కార్యకర్తలు జీతం లేకుండా ఇల్లిల్లూ తిరిగారు, పిల్లలకు విటమిన్ ఏ చుక్కలు వేశారు. ఆ మొదటి పది దేశాల్లో కేవలం ఆదాయం వల్ల చేరింది చైనా ఒక్కటే. మిగతావన్నీ ఆరోగ్యం, చదువుల వల్ల ఎదిగినవి, లేదా ఆదాయంతో పాటు వాటినీ పెంచుకున్నవి.

బంగ్లాదేశ్‌లో జరిగింది ఇంకా దగ్గర నుంచి చూడాలి. 1980లలో బ్రాక్ అనే సంస్థ తరఫున ఆడవాళ్లు పల్లెపల్లెకూ వెళ్లారు. మూడు వేళ్లతో చిటికెడు ఉప్పు, గుప్పెడు బెల్లం, అర సేరు నీళ్లు. విరేచనాలు పట్టుకున్న బిడ్డకు అవి కలిపి తాగించడం తల్లులకు నేర్పారు. చెప్పి వెళ్లిపోవడం కాదు. కొన్నాళ్లకు వేరేవాళ్లు వచ్చి ఆ తల్లికి ఎంత గుర్తుందో అడిగేవారు, దాన్ని బట్టే నేర్పినవాళ్లకు డబ్బు. పదేళ్లలో కోటికి పైగా ఇళ్లు తిరిగారు. దేశ ఆదాయం పెరిగేదాకా ఆగాల్సిన పని కాదది. ఉప్పూ బెల్లమూ ఇంట్లోనే ఉన్నాయి, కొలత తెలియడమే కావాల్సింది. ఆయుర్దాయంలో పేద దేశాలు దూరం తగ్గించుకోగలిగి, ఆదాయంలో అంతగా తగ్గించుకోలేకపోవడానికి కారణం ఇక్కడుంది. టీకా, ఓఆర్‌ఎస్ ప్యాకెట్, చేతులు కడుక్కునే అలవాటు సరిహద్దులు దాటినంత సులువుగా ఫ్యాక్టరీలు, జీతాలు దాటవు.

చదువు ఈ రెంటికీ మధ్యలో ఉంది. బడిలో గడిపిన ఏళ్లలో అంతరం తగ్గింది, కానీ ఏళ్లను లెక్కించడం చదువును లెక్కించడం కాదు. మన దేశంలోనే పల్లెల్లో ఐదో తరగతి పిల్లల్లో సగం మందికి పైగా రెండో తరగతి పాఠం చదవలేకపోతున్నారని పల్లె పిల్లల చదువును ఇంటింటికీ వెళ్లి పరీక్షించే అసర్ సర్వేలు చెబుతున్నాయి. సూచికలో మాత్రం ఆ పిల్లవాడికి ఐదేళ్ల చదువూ జమ అయిపోతుంది. అలాగే సగటు మన మధ్య అసమానతలను కప్పేస్తుంది. వాటిని లెక్కలోకి తీసుకుంటే ఇండియా విలువలో 30 శాతం దాకా కోత పడుతుంది.

2020, 2021లలో ప్రపంచ సూచిక వరసగా రెండేళ్లు పడిపోయింది, అంతకు ముందెన్నడూ అలా జరగలేదు. ఆ తర్వాత ధనిక దేశాల కూటమి ఓఈసీడీలోని దేశాలన్నీ 2019 స్థాయిని దాటేశాయి. అత్యల్పాభివృద్ధి దేశాల్లో సుమారు సగమే దాటగలిగాయి. అత్యున్నత, అల్ప గుంపుల మధ్య అంతరం వరసగా నాలుగో ఏడాదీ పెరిగిందని 2025 నివేదిక చెప్పింది. గుంపు ఎలా కట్టారన్న పేచీ ఇక్కడా ఉంది. కానీ నాలుగైదేళ్ల కాలంలో గుంపులు మారిపోయేది తక్కువ. అందుకే ఈ మాటను నేను కొట్టిపారేయను. అప్పులు, తగ్గిన సాయం, యుద్ధాలు కలిసి ఆ దేశాలను ఆపేస్తున్నాయి.

నాకు అన్నింటికంటే నచ్చిన కొలత ఏ నివేదికా పైన పెట్టదు. శాతాలు, రెట్లు వదిలేసి, "ఈ దేశం ఇప్పుడున్న చోట ఇంకో దేశం ఏ సంవత్సరంలో ఉంది" అని అడగడం. నైజీరియాలో ఇప్పటికీ పుట్టిన వెయ్యి మందిలో వంద మందికి పైగా పిల్లలు ఐదేళ్లలోపే పోతున్నారు. ఇండియా ఆ స్థాయిలో ఉన్నది 1990ల నడుమ. ఇండియా 2022 నాటికి 29 దగ్గరకు వచ్చింది, శ్రీలంక ఆ స్థాయిని 1980ల రెండో సగంలోనే చూసింది. నైజీరియా ఇప్పుడున్న చోటి నుంచి ఆ 29కి రావడానికి మనకు పాతికేళ్లు దాటింది. 1990ల నడుమ మనకు లేని టీకాలు ఇప్పుడు వాళ్లకు ఉన్నాయి. అక్కడి పిల్లలకు అంతకాలం పట్టకూడదు.